దుషాక్ కోసం రెండు సైన్యాలు: ఒక వార్‌గేమ్ ప్రాజెక్టు కేస్ స్టడీ

ఈ ప్రాజెక్టు కోసం నేను కొన్న మొదటి నలభై బొమ్మలు ఇప్పటికీ అట్టపెట్టెలోనే ఉన్నాయి. తలపాగాలు కట్టుకుని గుర్రాల మీద దూసుకుపోయే మధ్య ఆసియా రౌతులు, 28 మి.మీ. సైజువి. చూడటానికి ముచ్చటగా ఉంటాయి. కస్టమ్స్ సుంకం, కొరియర్ ఖర్చు కలిపేసరికి వాటి ధర దాదాపు రెట్టింపయింది. పద్నాలుగు నెలల తర్వాత మా ఆట టేబుల్ ఎక్కినప్పుడు ఆ నలభైలో ఒక్కటి కూడా దానిమీద లేదు. ఆ పద్నాలుగు నెలల్లో ఏం జరిగిందో, 1918లో యుద్ధం జరిగిన దుషాక్ రైలు స్టేషన్ కోసం చివరికి రెండు సైన్యాలు ఎలా కుదిరాయో చెబుతాను. ఇలాంటి ప్రాజెక్టు మొదలుపెట్టేవాళ్లకు కనీసం ఒక అట్టపెట్టె ఖర్చు మిగిలినా చాలు.

కొత్తవాళ్ల కోసం ఒక మాట. మినియేచర్ వార్‌గేమ్ అంటే చదరంగం లాంటిదే, కాకపోతే గళ్లు ఉండవు. చిన్న బొమ్మల్ని మూడు నాలుగు చొప్పున ఒక బేస్ మీద అంటించి స్టాండ్ తయారుచేస్తాం. వాటిని టేపుతో కొలిచి జరుపుతాం, డైస్ వేసి కాల్పుల ఫలితం తేలుస్తాం. మా బృందం నలుగురం. సికింద్రాబాద్‌లో మా మేడ మీద గదిలో ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ప్లైవుడ్ పలక వేసుకుని ఆదివారాలు ఆడతాం.

ఏ యుద్ధం ఎంచుకోవాలి

మధ్య ఆసియాలో రష్యన్ విప్లవకాలపు యుద్ధం ఆడదాం అని నలుగురం ఒక్కమాట మీదికి వచ్చాం. ఏ యుద్ధం అన్న దగ్గర ఆగిపోయాం. ముందు నా మనసులో ఉన్నది 1922 నాటి తూర్పు బుఖారా. ఒట్టోమన్ సామ్రాజ్యానికి యుద్ధ మంత్రిగా చేసిన ఎన్వర్ పాషా బస్మాచీ తిరుగుబాటుదారులతో చేరడం, 1922 ఆగస్టు 4న బల్జువాన్ దగ్గర ఎర్రసైన్యం (బోల్షెవిక్‌ల సేన) చేతిలో చనిపోవడం కథగా చాలా బాగుంటుంది. ఆ కథ కోసమే ఆ నలభై రౌతుల్నీ కొన్నాను. కాగితం మీద దృశ్యాలు రాసుకోవడం మొదలుపెట్టాక విషయం అర్థమైంది. బస్మాచీలు పోరాడిన పద్ధతే ఎదురుపడి నిలబడకపోవడం. కొట్టి మాయమవుతారు, ఊళ్లలో కలిసిపోతారు. నలుగురు కూర్చుని మూడు గంటలు ఆడే టేబుల్ మీద ఒక పక్షం ఎప్పుడూ కనబడకుండా ఉంటే రెండో పక్షం వాడు ఫోన్ చూసుకుంటూ కూర్చోవాలి.

రెండో ఆలోచన 1920 నాటి బుఖారా ముట్టడి. ఎర్రసైన్యపు సేనాని ఫ్రూంజే సేనలు ఆగస్టు చివర్లో దాడి మొదలుపెట్టి సెప్టెంబరు 2కల్లా నగరాన్ని పట్టుకున్నాయి. ఒకవైపు విమానాలు, ఫిరంగులు, కవచపు రైళ్లు. మరోవైపు అమీర్ ఆలిం ఖాన్ పాతకాలపు సైన్యం. ఫలితం ముందే తెలిసిన ఆటలో అమీర్ పక్షాన కూర్చోమంటే మా వాళ్లు ముగ్గురూ తల అడ్డంగా ఊపారు.

మూడోది 1918 నాటి ట్రాన్స్‌కాస్పియా. ఇప్పటి తుర్క్‌మెనిస్తాన్. నిజం చెప్పాలంటే దీన్ని చివరి దాకా తీసిపడేస్తూ వచ్చాను. కథలో నాయకుడెవరూ లేడు, ఉన్నదల్లా ఎడారిలో ఒక రైలు పట్టా. అయితే ఆ పట్టా వల్లే ఈ యుద్ధం టేబుల్‌కు సరిగ్గా సరిపోతుందని తర్వాత తెలిసింది.

సంగతి ఇదీ. 1917 నవంబరులో తాష్కెంట్‌లో సోవియట్ అధికారంలోకి వచ్చింది. ఓరెన్‌బుర్గ్ దగ్గర కొసాక్కుల నాయకుడు దూతోవ్ దళాలు దారి మూసేయడంతో దానికి మాస్కోతో రైలు సంబంధం తెగింది. తాష్కెంట్ నుంచి ట్రాన్స్‌కాస్పియాలోని అష్ఖాబాద్‌కు పంపిన ఫ్రొలోవ్ అనే కమిసార్ (సోవియట్ అధికారి) దౌర్జన్యం భరించలేక 1918 జూలైలో అక్కడి రైల్వే కార్మికులు తిరగబడ్డారు. ఈ తిరుగుబాటు నాయకుడు జమీందారూ కాదు, జనరలూ కాదు. ఫూంతికోవ్ అనే రైలింజను డ్రైవరు, సోషలిస్ట్ రివల్యూషనరీ పార్టీ మనిషి. అంటే సోషలిస్టు కార్మికుల మీద సోషలిస్టు కార్మికుల తిరుగుబాటు. వీళ్లు సాయం కోసం పర్షియాలోని మష్హద్‌లో ఉన్న బ్రిటిష్ జనరల్ మాలెసన్‌ను ఆశ్రయించారు. ఆయన పంపింది బ్రిటిష్ సైనికుల్ని కాదు, ముందుగా 19వ పంజాబీ దళపు మెషీన్ గన్నుల్ని. ఆగస్టు 28న కాఖ్కా స్టేషన్ దగ్గర తాష్కెంట్ ఎర్రసేన దాడిని పంజాబీలు ఆపారు. అక్టోబరు 14న దుషాక్ స్టేషన్ మీద ఎదురుదాడి జరిగింది. మా టేబుల్ మీదికి తెచ్చుకున్నది ఈ దుషాకే.

ఇంకో చిన్న ఆకర్షణ కూడా ఉంది. అక్కడ పంజాబీలతో పాటు పోరాడిన గుర్రపు దళం 28వ లైట్ కావల్రీ. 1903 దాకా దాని పేరు 3వ మద్రాస్ లాన్సర్స్, పాత మద్రాసు సైన్యపు రెజిమెంట్. ఇప్పటి భారత సైన్యంలో అదే 7వ లైట్ కావల్రీ. పేరులో మద్రాసు ఉంది కదాని 1918లో ఆ గుర్రాల మీద ఉన్నవాళ్లు మన జిల్లాల వాళ్లని చెప్పుకోలేం. మద్రాసు ప్రెసిడెన్సీలో సైనిక నియామకాలు అప్పటికే బాగా తగ్గించేశారు. అయినా సికింద్రాబాద్ కంటోన్మెంట్ పక్కన పెరిగిన వాడికి ఆ పేరు తగిలితే చెయ్యి దానంతటదే బ్రష్ మీదికి పోతుంది.

బొమ్మల సైజును పట్టా తేల్చింది

సాధారణంగా బొమ్మల సైజు ముందు, మిగతావన్నీ తర్వాత. ఇక్కడ తిరగేయాల్సి వచ్చింది. రష్యన్ రైలు పట్టాల మధ్య దూరం 1524 మి.మీ. 28 మి.మీ. బొమ్మ అంటే అసలు మనిషిలో సుమారు 56వ వంతు. ఆ లెక్కన పట్టా వెడల్పు 27 మి.మీ. ఉండాలి. బజార్లో దొరికే ‘ఓ’ (O) గేజ్ బొమ్మ రైలు పట్టా 32, ఎస్ గేజ్ 22 చిల్లర. ఒకటి వెడల్పెక్కువ, ఒకటి తక్కువ. పైగా ఆ సైజులో ఇంజను, నాలుగు పెట్టెలు కలిపితే టేబుల్ మీద రైలు తప్ప వేరే ఏమీ పట్టదు.

15 మి.మీ. బొమ్మ అంటే సుమారు నూరో వంతు. పట్టా 15 చిల్లర ఉండాలి. ఎక్కువగా దొరికే హెచ్‌ఓ గేజ్ పట్టా 16.5 మి.మీ. మిల్లీమీటరు చిల్లర తేడా కంటికి ఆనదు. హెచ్‌ఓ పెట్టెలు 87వ వంతులో ఉంటాయి కాబట్టి బొమ్మల పక్కన పిసరంత పెద్దగా కనిపిస్తాయి, కానీ బొమ్మలు బేస్ మీద నిలబడి ఉంటాయి కాబట్టి ఆ ఎత్తుతో సర్దుకుంటుంది. పాత రైలు సెట్టు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. ఆ రోజే 28 మి.మీ. రౌతులు అట్టపెట్టెలోకి వెళ్లిపోయారు.

అప్పటికీ రైలు పొడవు సమస్యే. మా టేబుల్ మీద దూరాల లెక్కలో ఒక సెంటీమీటరు సుమారు పది మీటర్లు. నాలుగు పెట్టెల రైలు అరవై సెంటీమీటర్లు వస్తుంది, అంటే లెక్క ప్రకారం ఆరు వందల మీటర్లు! అందుకని ఇంజను మధ్యలో, ముందొక పెట్టె వెనకొక పెట్టె, అంతే. ముందు పెట్టె మీద ఫిరంగి.

ఒకే రష్యన్లు, రెండు వైపులా

నా మొదటి జాబితాలో మూడు వందల పైచిలుకు బొమ్మలున్నాయి. ఎర్రసేనకు నూట అరవై, అష్ఖాబాద్ పక్షానికి నూట అరవై. ఎవరి యూనిఫాం వాళ్లకు, ఎవరి రంగు వాళ్లకు అని రాసుకున్నాను. రెండు నెలలు చదివాక ఆ జాబితాను చించేశాను.

ఎందుకంటే 1918లో అక్కడ రెండు వైపులా ఉన్న రష్యన్లు ఒకే రకం మనుషులు. ఒకే రైల్వేలో పనిచేసినవాళ్లు, ఒకే జారు సైన్యంలో కొలువు చేసి వచ్చినవాళ్లు. ఒంటిమీద అవే పాత సైనిక చొక్కాలు, నెత్తిన అవే అంచు టోపీలు, గొర్రెతోలు టోపీలు. చేతిలో అదే 1891 మోడల్ మోసిన్ రైఫిలు, పక్కన అదే మాక్సిమ్ మెషీన్ గన్. పంజాబీలకైతే ఎవరు మన రష్యన్, ఎవరు పరాయి రష్యన్ అన్నది తేల్చుకోవడమే పెద్ద పని అయి ఉంటుంది.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, నేనూ చేయబోయాను. ఎర్రసైనికుడు అనగానే గుర్తొచ్చే మొన తేలిన బుద్యోనొవ్కా టోపీ 1919లో గానీ అధికారికంగా రాలేదు. 1918 అక్టోబరులో దుషాక్ దగ్గర దాన్ని పెట్టుకున్న మనిషి ఉండే అవకాశం లేదు. నేను ఆర్డర్ పెట్టిన అమ్మకందారు ఆ టోపీల బొమ్మల్నే పంపించాడు, పేరేమో ‘1918 రెడ్ గార్డులు’ అని. వాపసు తీసుకోమంటే జవాబు లేదు. చివరికి మా మేనల్లుడు రెండు ఆదివారాలు కూర్చుని బ్లేడుతో ఇరవై నాలుగు టోపీల మొనలు కోసి, ఎంసీల్‌తో గొర్రెతోలు టోపీలుగా దిద్దాడు.

“మామయ్యా, వీళ్లు తెల్లవాళ్లా ఎర్రవాళ్లా?” అని అడిగాడు మధ్యలో.

“ముందు టోపీ పూర్తి చెయ్యరా, తర్వాత చూద్దాం” అన్నాను. అలా అన్న తర్వాత ఆ మాటే ప్లాన్ అయింది. రష్యన్ పదాతి మొత్తం పద్దెనిమిది స్టాండ్లు, స్టాండుకు నాలుగు చొప్పున డెబ్బై రెండు బొమ్మలు చేశాం. వీటికి ఏ పక్షమూ లేదు. స్టాండు వెనక అంచుకు సన్నటి రేకు ముక్క అంటించి, దానికి అతుక్కునే అయస్కాంతపు స్లిప్పు పెట్టాం. ఎరుపు స్లిప్పు పెడితే తాష్కెంట్, తెలుపు (ఎర్రసేన వ్యతిరేకుల రంగు) పెడితే అష్ఖాబాద్. దుషాక్ ఆటలో పన్నెండు ఎరుపు, ఆరు తెలుపు. వేరే ఆటలో లెక్క మారుతుంది. దీనివల్ల వంద బొమ్మలకు పైగా తగ్గాయి. అంతకంటే ముఖ్యంగా, టేబుల్ మీద పొగమంచు లాంటి ఒక గందరగోళం వచ్చింది. దూరం నుంచి చూస్తే ఎవరు ఎవరో తెలియదు, వంగి అంచు చూడాలి. అది చిరాకైన విషయమే. కానీ ఆ యుద్ధానికి తగిన చిరాకు.

ఎవరిది వాళ్లకే చెందే బొమ్మలు కొన్ని ఉన్నాయి. ఎర్ర పక్షానికి అంతర్జాతీయ దళం, అంటే మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యన్లకు చిక్కి తుర్కెస్తాన్ శిబిరాల్లో పడి ఉన్న ఆస్ట్రియా హంగరీ సైనికులు. వేలమంది ఉండేవాళ్లు, వాళ్లలో కొందరు ఎర్రసేనలో చేరారు. శిక్షణ ఉన్నవాళ్లు కాబట్టి ఎర్ర పక్షంలో మేటి దళం వాళ్లదే. నాలుగు స్టాండ్లు, మాసిపోయిన బూడిదరంగు కోట్లు. అష్ఖాబాద్ పక్షానికి పంజాబీలు నాలుగు స్టాండ్లు, 28వ కావల్రీ మూడు, తుర్క్‌మెన్ రౌతులు ఆరు, తుర్క్‌మెన్ పదాతి నాలుగు. తుర్క్‌మెన్లకు నాయకత్వం వహించింది ఒరాజ్ సర్దార్, జారు సైన్యంలో అధికారిగా చేసిన తెకె తెగ మనిషి. ఆయనకు ఒక విడి బొమ్మ: ఎర్ర చారల అంగీ, నెత్తిన ఉన్ని పెద్ద టోపీ, కింద బక్కపల్చటి అఖల్‌తెకె గుర్రం. ఆ గుర్రానికి మామూలు గోధుమరంగు వేయబుద్ధి కాలేదు. ఆ జాతికి పేరు తెచ్చిన లోహపు మెరుపు కోసం పసుపు మీద సన్నగా బంగారు రంగు రుద్దాను. 15 మి.మీ. మీద అది కనబడుతుందా అంటే కనబడదు. నాకు తెలుసు, చాలు.

మొత్తం కలిపి, మెషీన్ గన్నులు, ఫిరంగుల సిబ్బందితో సహా, నూట డెబ్బై అయిదు బొమ్మలు.

పత్తి బేళ్లు, సాక్సౌల్ కట్టెలు

రైళ్లకు ఉక్కు కవచం వేసుకునే స్తోమత అక్కడ రెండు పక్షాలకూ అంతంతమాత్రం. అందుకని పెట్టెల చుట్టూ నొక్కిన పత్తి బేళ్లు పేర్చుకునేవాళ్లు. మధ్య ఆసియాలో పత్తికి కరువు లేదు, ఎగుమతికి దారి మూసుకుపోయి నిల్వలు పేరుకుపోయిన కాలం. ఇది చదవగానే ఆదిలాబాద్‌లో జిన్నింగ్ మిల్లులో పనిచేసే మా బావకు ఫోన్ చేశాను.

“బావా, నొక్కిన బేలు మీద తుపాకీ పేలిస్తే తూటా దిగుతుందా?”

“తూటా సంగతి నాకు తెల్వదు గానీ కొంకీ దింపాలంటేనే బలం కావాలె. నువ్వు తూటా అడుగుతున్నవ్, మాకు భయం నిప్పురవ్వతోని. ఒక్కసారి అంటుకున్నదంటే లోపల్లోపల కాలుకుంటనే పోతది, పైన నీళ్లు పోసినా ఆరదు” అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఆట నియమం పుట్టింది. బేళ్ల కవచం రైఫిలు, మెషీన్ గన్ కాల్పుల్ని పూర్తిగా ఆపుతుంది. ఫిరంగి గుండు తగిలితే డైస్ వేయాలి. 5 గానీ 6 గానీ పడితే బేలు రాజుకుంటుంది. అక్కణ్నుంచి ప్రతి టర్నుకూ ఒక డైస్. ఆరకపోతే ఆ పెట్టెను రైలు నుంచి విడదీసి వదిలేయాలి, లేదంటే పక్క పెట్టెలోని మందుగుండు. దుషాక్ స్టేషన్లో నిజంగానే మందుగుండు పెట్టెలు పేలి భీకర విధ్వంసం జరిగింది, కాబట్టి ఈ నియమం గొప్ప కోసం పెట్టింది కాదు.

బేళ్ల తయారీ తేలిక. చదరపు కర్రపుల్లను 8 మి.మీ. ముక్కలు కోసి, గోధుమరంగు దారం మూడు చుట్లు చుట్టి, పలచని ఫెవికాల్ పూసి ఆరబెట్టడమే. నూట ఇరవై చేశాం.

ఇంధనం గురించి కూడా చెప్పాలి. ట్రాన్స్‌కాస్పియన్ రైల్వే ఇంజన్లు బాకూ నుంచి వచ్చే చమురుతో నడిచేవి. తాష్కెంట్‌కు ఆ చమురు అందని రోజుల్లో ఎడారి పొద సాక్సౌల్ కట్టెలు తెచ్చి కాల్చారు. నీళ్లేమో స్టేషన్లలోనే. దక్షిణాన కోపెత్ దాగ్ కొండలు, ఉత్తరాన కరాకుమ్ ఎడారి, మధ్యలో ఈ పట్టా. పట్టా వదిలి దూరం పోయిన సైన్యానికి దాహం, పట్టా మీదే ఉన్న సైన్యానికి దాక్కునే చోటు లేకపోవడం. ప్లానింగ్ అంతా ఈ ఇరుకులోనే జరగాలి. బొమ్మలకు పాయింట్లు కట్టే పుస్తకం పట్టుకుని ‘ఇటు అయిదొందలు, అటు అయిదొందలు’ అని సమానం చేసే పద్ధతి ఇక్కడ పనికిరాదని నా గట్టి అభిప్రాయం. ఎవరికి ఏది లేదో ముందు రాసుకోవాలి. తాష్కెంట్ పక్షానికి ఇంధనం లేదు, తూటాలు లెక్కగా ఉన్నాయి, మనుషులు మాత్రం ఉన్నారు. అష్ఖాబాద్ పక్షానికి మనుషులు లేరు, ఉన్నవాళ్లది ఎవరికి వారే యమునా తీరే. ఈ రెండు లోటుల చుట్టూ సైన్యాలు కట్టాక బ్యాలెన్స్ కోసం విడిగా కష్టపడాల్సిన పని పెద్దగా మిగల్లేదు.

ఆడి చూస్తే

మొదటి ఆట గంటంబావులో ముగిసింది. తుర్క్‌మెన్ పక్షం ఆడిన మిత్రుడు ఆరు స్టాండ్ల గుర్రాల్నీ ఒకే వరుసలో స్టేషన్ మీదికి తోలాడు. రెండు మాక్సిమ్‌లు, రెండు టర్నులు, అంతా అయిపోయింది. తప్పు అతనిది కాదు. నియమాల్లో వాళ్లను యూరప్ గుర్రపు దళంలా రాశాను నేను. మార్చిన నియమం ప్రకారం తుర్క్‌మెన్ రౌతులు ఆట మొదట్లో టేబుల్ మీద ఉండరు. ఉత్తరపు ఎడారి అంచు నుంచో దక్షిణపు కొండల అంచు నుంచో రావచ్చు, ఎటు నుంచి అన్నది ముందే చీటీ మీద రాసి మడిచి పెట్టాలి. వచ్చాక గుర్రాలు దిగి కాల్చవచ్చు. ఎదురుగా దూకడం మాత్రం శత్రువు వెన్ను చూపినప్పుడే.

రెండో ఆటలో ఎర్ర రైలు కోటై కూర్చుంది. స్టేషన్ ముందు నిలబడి కాలుస్తూనే ఉంది, కదలాల్సిన అవసరమే రాలేదు. నీళ్ల నియమం, ఆవిరి నియమం అప్పుడు వచ్చాయి. ఇంజను ప్రతి నాలుగు టర్నులకు ఒకసారి నీళ్ల ట్యాంకు దగ్గరికి వెళ్లాలి. సాక్సౌల్ కాల్చే ఇంజను కదిలే ముందు డైస్ వేయాలి, 1 పడితే ఆవిరి చాలలేదని అక్కడే ఆగిపోవాలి. పట్టా తెంపడానికి ఒక స్టాండు రెండు టర్నులు పని చేస్తే చాలు. పట్టా తెగాక రైలు కోట కాదు, ఎడారిలో చిక్కుకున్న పత్తి గోదాము.

మూడో ఆటలో వచ్చిన సమస్య నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. దుషాక్‌లో జరిగింది స్థూలంగా ఇది: అష్ఖాబాద్ పక్షం రాత్రి పట్టాకు దూరంగా నడిచి తెల్లవారుజామున స్టేషన్‌ను తాకింది. మందుగుండు పెట్టెలు పేలాయి. ఎర్రసేన చెదిరింది. అంతలో తుర్క్‌మెన్లు, మరికొందరు దోపిడీలో పడ్డారు. ఎర్రసేన తేరుకుని ఎదురుదాడి చేసింది. భారమంతా పంజాబీల మీద పడింది, వాళ్ల బ్రిటిష్ అధికారులు అందరూ చనిపోవడమో గాయపడటమో జరిగింది. చివరికి అష్ఖాబాద్ పక్షం కాఖ్కాకు వెనుదిరిగింది. బ్రిటిష్ వాళ్ల కథనాల్లో ఈ దోపిడీ మాట తప్పనిసరిగా వస్తుంది. దాని మీద ఆధారపడి నేను ‘తుర్క్‌మెన్ దోపిడీ పరీక్ష’ అని ఒక నియమం రాశాను. స్టేషన్లోని పెట్టెల్ని దాటే ప్రతి తుర్క్‌మెన్ స్టాండూ డైస్ వేయాలి, తప్పితే అక్కడే ఆగిపోవాలి.

ఆడుతుంటే అది నాకే నచ్చలేదు. జారు సైన్యం 1881లో గ్యోక్‌తెపెలో తుర్క్‌మెన్లను ఊచకోత కోసి మూడున్నర దశాబ్దాలు దాటింది. ఇప్పుడు రెండు రష్యన్ పక్షాలు తమ నేల మీద తన్నుకుంటుంటే, ఒక పక్షం కోసం మెషీన్ గన్ ముందు నిలబడి చావడానికి తుర్క్‌మెన్ రైతుకు ఉన్న కారణం ఏమిటి? ఆకలి కాలంలో పెట్టె నిండా సరుకు కనబడితే తీసుకుని ఇంటికి పోవడం నిజానికి చాలా తెలివైన నిర్ణయం. పైగా ఈ ‘మనకెందుకు’ అన్న భావం వాళ్లొక్కరిదే కాదు. అష్ఖాబాద్ రైల్వే కార్మికుడికీ, తాష్కెంట్ రెడ్ గార్డుకీ కూడా ఇల్లు, పిల్లలు ఉన్నారు. అందుకని నియమం పేరు ‘మనకెందుకు పరీక్ష’ అని మార్చి అందరికీ పెట్టాను. సగం స్టాండ్లు పోయినప్పుడు, సరుకు పెట్టెలు చేజిక్కినప్పుడు, చీకటి పడినప్పుడు ప్రతి స్థానిక దళమూ డైస్ వేస్తుంది. తుర్క్‌మెన్లకు సరుకు దగ్గర కష్టం, రష్యన్ కార్మికులకు చీకటి దగ్గర కష్టం. అంతర్జాతీయ దళానికి ఈ పరీక్షలో వెసులుబాటు ఉంది, పాపం వాళ్లకు పోదామన్నా దగ్గర్లో ఇల్లు లేదు కదా. పంజాబీలకు పరీక్షే లేదు, వాళ్లది కొలువు.

పంజాబీల విషయంలో ఇంకో తలనొప్పి. వాళ్లు టేబుల్ మీద మరీ గట్టివాళ్లయిపోయారు. అష్ఖాబాద్ ఆటగాడు మిగతా అందర్నీ వెనక దాచి, వాళ్లతోనే ఆట మొత్తం నడిపించాడు. గెలిచాడు కూడా. కానీ మిగతా ఇద్దరం చేతులు కట్టుకుని కూర్చున్నాం. దీనికి వాళ్ల కాల్పుల బలం తగ్గించడం సరైన మందు కాదు. బలం నిజమే, దాని వెల కూడా నిజమే. మష్హద్ చాలా దూరం, పోయిన మనిషికి బదులు మనిషి వెంటనే రాడు. అందుకే పోయిన ప్రతి పంజాబీ స్టాండుకూ ఎర్ర పక్షానికి రెట్టింపు పాయింట్లు ఇచ్చాను. బ్రిటిష్ అధికారి బొమ్మ పడిపోతే ఆజ్ఞ సుబేదారు బొమ్మకు వెళ్తుంది. దళం పోరాడుతూనే ఉంటుంది, ముందుకు దూకడం మాత్రం మానేస్తుంది. ఆ సుబేదారు బొమ్మ మొదట్లో జాబితాలో లేదు. తర్వాత ప్రత్యేకంగా చేశాం, గడ్డానికి కాస్త తెల్లరంగు తాకించి.

గెలుపు లెక్క కూడా ఇక్కడే మారింది. దుషాక్‌లో మైదానం ఎర్రసేనకు దక్కింది. అయినా ఆ దెబ్బకు ఎర్రసేన తూర్పుగా వెనక్కి జరిగింది, నవంబరు 1కల్లా మెర్వ్ నగరం అష్ఖాబాద్ పక్షం చేతిలోకి వచ్చింది. అంటే స్టేషన్ ఎవరి చేతిలో ఉందన్నది ఒక్కటే కొలత అయితే ఆట అబద్ధం చెబుతుంది. ఇప్పుడు స్టేషన్‌కు మూడు పాయింట్లు, నడిచే స్థితిలో మిగిలిన ప్రతి ఇంజనుకూ నాలుగు. ఈ మార్పు తర్వాత ఆటగాళ్లు ఇంజన్లను కన్నబిడ్డల్లా చూసుకుంటున్నారు.

రంగుల దగ్గర జరిగిన పొరపాటు

జూలైలో ముసురు పట్టిన రోజున పంజాబీ స్టాండ్ల మీద మ్యాట్ వార్నిష్ స్ప్రే కొట్టాను. తెల్లారేసరికి అన్ని బొమ్మల మీదా మంచు కురిసినట్టు తెల్లటి పొర. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఇలా అవుతుందని తెలిసీ తొందరపడ్డాను. మెరుపు వార్నిష్ బ్రష్‌తో ఒక పూత వేస్తే చాలావరకు విడిచింది. దాని మీద మళ్లీ మ్యాట్ దసరా తర్వాత వేశాను. వానాకాలంలో మన దగ్గర స్ప్రే డబ్బా ముట్టుకోకపోవడమే మంచిది.

నేల రంగు మాత్రం అనుకోకుండా కుదిరింది. జల్లించి ఆరబెట్టిన ఇసుకలో వాడేసిన టీ పొడి కలిపి అంటించి, పైన లేత మట్టిరంగు పొడి బ్రష్‌తో తడిమితే కరాకుమ్ అంచు నేల వచ్చేసింది. సాక్సౌల్ పొదలకు కొబ్బరి పీచు. కల్లాపి రంగులో మట్టి గోడలు, నాలుగు గుండ్రటి తుర్క్‌మెన్ గుడారాలు, టెలిగ్రాఫ్ స్తంభాలకు అగరుబత్తి పుల్లలు.

ఇప్పుడు ఉన్న స్థితి

తొమ్మిది ఆటలు ఆడాం. ఎర్ర పక్షం అయిదు, అష్ఖాబాద్ మూడు. ఒకటి తేలలేదు, ఎందుకంటే రెండు ఇంజన్లూ ఒకే టర్నులో ఆవిరి లేక ఆగిపోయాయి, పది గంటలకు కరెంటు కూడా పోయింది. పద్నాలుగు టర్నుల ఆట ఇప్పుడు మూడు గంటల్లో ముగుస్తోంది. పట్టా తెంపే నియమం ఇంకా మరీ సులువుగా ఉంది, రెండు టర్నుల బదులు మూడు చేయాలేమో చూడాలి. ‘మనకెందుకు పరీక్ష’లో చీకటి డైస్ మీద మా వాళ్లకు ఇంకా పేచీ ఉంది. రెడ్ గార్డు ఆడే మిత్రుడు, “తాష్కెంట్ నుంచి ఇంత దూరం వచ్చినవాడు చీకటి పడగానే ఎక్కడికి పోతాడండీ, అష్ఖాబాద్ వాడికైతే ఇల్లు దగ్గర” అంటాడు. ఆ మాటలో న్యాయం ఉంది. వచ్చే ఆటలో ఎరుపు స్లిప్పు ఉన్న స్టాండ్లకు ఒక అంకె వెసులుబాటు ఇచ్చి చూస్తాం.

తర్వాతి ఆట అనెన్‌కోవో పోరు, 1919 జనవరి. చలికాలం, కాబట్టి పంజాబీలకు పెద్ద కోట్లు కావాలి, అంటే నాలుగు స్టాండ్లు కొత్తగా చేయాలి. రష్యన్లు డెబ్బై రెండు మందీ వాళ్లే. ఆ ఆటకు స్లిప్పులు పదకొండు, ఏడుగా పంచాలని లెక్క వేశాం. ఎవరి స్టాండు ఎటు మారాలో మా మేనల్లుడు చీటీలు తీస్తానంటున్నాడు.